ఐదు పిన్నుల వైరు



1985లో రోలాండ్ అనే జపాన్ కంపెనీ 'ప్యాడ్-8 ఆక్టోప్యాడ్' పేరుతో ఒక పెట్టెను అమ్మకానికి పెట్టింది. పైన ఎనిమిది రబ్బరు పలకలు, వెనక కొన్ని సాకెట్లు. దాన్ని కరెంటుకు తగిలించి పుల్లలతో ఎంత గట్టిగా కొట్టినా, రబ్బరు మీద కర్ర తగిలిన టకటక తప్ప ఏమీ వినపడదు. లోపల ఏ ధ్వనీ లేదు. ఏ పలక మీద దెబ్బ పడింది, ఎంత జోరుగా పడింది అన్నది పసిగట్టి, ఆ సంగతిని గుండ్రటి సాకెట్ గుండా ఇంకో యంత్రానికి చేరవేయడమే దాని పని. మోగేది ఆ రెండో యంత్రం.

ఇవాళ హైదరాబాద్ పాతబస్తీలో పెళ్లి ఆర్కెస్ట్రా అంటే ప్యాడ్ ఉండాల్సిందే. మొదటి ఆక్టోప్యాడ్ తర్వాత వచ్చిన ఎస్‌పీడీ వరుసలో ధ్వనులు కూడా లోపలే చేరాయి. ఎస్‌పీడీ-20 అయితే మన దేశమంతటా వేదికలెక్కింది. దాంతో ప్యాడ్ అంటే తనకు తానే మోగే వాద్యమన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. వెనక 'మిడి అవుట్' అని రాసి ఉన్న సాకెట్‌లో ఒక్కసారైనా వైరు పెట్టి చూడని ప్యాడ్ ఆర్టిస్టులు ఎందరో ఉన్నారు. ఆ సాకెట్ చేయగల పని చాలా పెద్దది. కంప్యూటర్ ఊసే లేకుండా, చేతికి అలవాటైన వాద్యంతో ఎదుటి పెట్టెలోని ఏ ధ్వనినైనా పలికించవచ్చు.

హైదరాబాద్‌లోని సంతోష్‌నగర్ పరిసరాల్లో ఈ సంగతి మాట్లాడుకోవడానికి కారణం ఉంది. ఐ.ఎస్. సదన్ చౌరస్తా నుంచి ఇటు సైదాబాద్, అటు చంపాపేట్, ఇంకోవైపు కంచన్‌బాగ్, చాంద్రాయణగుట్ట దాకా ముహూర్తాల కాలంలో వాద్యం మోగని రాత్రి అరుదు. దగ్గర్లోని బర్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాల పెళ్లిళ్లలో మర్ఫా మోగుతుంది. ఆషాఢంలో లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలకు డప్పులు, తీన్‌మార్ దరువులు. ఫంక్షన్ హాళ్లలో తెలుగు, హిందీ పాటలు కలగలిపి పాడే ఆర్కెస్ట్రాలు. చేతులతో వాయించే విద్య ఈ వీధుల్లో ఇంకా గట్టిగా బతికే ఉంది.

కానీ కొత్తగా కీబోర్డు పట్టే కుర్రవాళ్ల దారి మారింది. ఇప్పుడు చాలామంది మొదట కొనేది సొంత ధ్వనులు లేని చిన్న యూఎస్‌బీ కంట్రోలర్ కీబోర్డు. దానికి తోడు, ఇంట్లో చదువు కోసం కొన్న లాప్‌టాప్. గదిలో కూర్చుని పాట కట్టుకోవడానికి ఇది చక్కటి ఏర్పాటు. వందల టోన్లు, ఎన్ని ట్రాకులైనా, తప్పు పడితే దిద్దుకునే వీలు. వేదిక మీదికి తెచ్చినప్పుడే చిక్కులు మొదలవుతాయి. పాట మధ్యలో అప్‌డేట్ అడుగుతుంది. లైట్ల వేడికి ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది. మీట నొక్కాక ధ్వని రావడానికి పట్టే ఆలస్యం తగ్గిద్దామంటే చిటపటలు, చిటపటలు ఆపుదామంటే ఆలస్యం. ఛార్జర్ తగిలిస్తే స్పీకర్లలో బుయ్‌మనే రొద. పాటగాడు పల్లవి ఎత్తుకునే వేళకు కీబోర్డు ప్లేయర్ కళ్లు మీటల మీద కాదు, తెర మీద ఉంటాయి. వేదిక మీద వాయించేవాడి చూపు గాయకుడి మీద, చెవి దరువు మీద ఉండాలి. అందుకే పెళ్లి వేదికకు లాప్‌టాప్ కంటే కంట్రోలర్, దానికి జతగా ఒక సింథసైజర్ పెట్టె, మధ్యలో ఒక వైరు ఉంటే మేలు.

ఆ వైరు కథ 1983 జనవరిలో మొదలైంది. అమెరికాలో జరిగిన నామ్ సంగీత వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ కంపెనీ ప్రాఫెట్-600నూ, రోలాండ్ జూపిటర్-6నూ పక్కపక్కన పెట్టి ఒక వైరుతో కలిపారు. ఒకదాని మీటలు నొక్కితే రెండోది కూడా పలికింది. అంతకుముందు ఒక కంపెనీ వాద్యానికి ఇంకో కంపెనీ వాద్యం మాట అర్థమయ్యేది కాదు. సీక్వెన్షియల్ అధిపతి డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి చొరవ తీసుకుని, పోటీదారులందరినీ ఒకే భాషకు ఒప్పించారు. అదే మిడి. దాన్ని ఎవరైనా వాడుకునేలా ఉచితంగా వదిలేశారు. ముప్పయ్యేళ్ల తర్వాత, 2013లో, ఆ ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ పురస్కారం దక్కింది. పోటీ కంపెనీలు ఇంత ఉదారంగా ఒక మాట మీదికి రావడం వ్యాపార ప్రపంచంలో అపురూపం. దాని ఫలం ఇప్పటికీ తింటున్నాం: 1983లో కొన్న డీఎక్స్7 సింథసైజర్‌ను నిన్న కొన్న కంట్రోలర్‌తో వాయించవచ్చు.

వైరు చివర ఉండేది ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్గు. పాత టేపురికార్డర్ల వెనక ఇలాంటిదే చూసిన పెద్దలు చాలామంది ఉంటారు. చవగ్గా, అన్నిచోట్లా దొరుకుతుందనే దాన్ని ఎంచుకున్నారు. ఐదు పిన్నుల్లో పనిచేసేవి మూడే. నాలుగు, ఐదు నంబర్ల పిన్నుల మీద కబురు నడుస్తుంది. మధ్యలోని రెండో పిన్ను బయటి శబ్దం చొరబడకుండా కాపు. మిగతా రెండూ ఖాళీ. కోఠి గుజరాతీ గల్లీలో ప్లగ్గులు, వైరు కొని సోల్డరింగ్ తెలిసినవాళ్ల చేత అతికించుకోవచ్చు. పొడవు మాత్రం 15 మీటర్లు దాటకూడదు.

ఇందులో నడిచేది ధ్వని కాదన్నది మొదట మనసుకు పట్టాలి. ఫలానా స్వరం మొదలైంది, ఇంత బలంతో మొదలైంది, ఇప్పుడు ఆగింది అన్న సమాచారమే వెళుతుంది. స్వరాలకు 0 నుంచి 127 వరకు అంకెలు. బలానికీ అంతే. ఒక స్వరం మొదలైందన్న కబురు చేరడానికి పట్టే కాలం మిల్లీసెకను కంటే కాస్త తక్కువ. పది వేళ్లూ ఒకేసారి నొక్కినా అన్ని కబుర్లూ 10 మిల్లీసెకన్ల లోపే చేరిపోతాయి. మూడు మీటర్ల దూరంలోని స్పీకరు నుంచి ధ్వని మన చెవికి రావడానికే దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి నలభై ఏళ్ల నాటి ఈ నెమ్మదైన వైరు వేదికకు చాలినంత వేగంగానే ఉంది. పైగా ఆ వేగం మారదు. పెట్టెకు ఇంకో పని ఉండదు కనుక ఈ పాటలో ఎంత ఆలస్యమో వచ్చే పాటలోనూ అంతే. వేళ్లకు అది అలవాటైపోతుంది.

ఇంకో గొప్పతనం కంటికి కనిపించదు. మిడి కబురు అందుకునే ప్రతి పెట్టెలోనూ ఆప్టోకప్లర్ అనే చిన్న భాగం ఉంటుంది. వైరులో వచ్చిన కరెంటు అక్కడ వెలుగుగా మారుతుంది. ఆ వెలుగును చూసి అవతలి భాగం స్పందిస్తుంది. రెండు యంత్రాల విద్యుత్తు ఒకదాన్నొకటి తాకదు. హాలు కరెంటు పోయి జనరేటర్ మీదికి మారే పెళ్లిళ్లలో, ఒక్కో బోర్డుకు ఒక్కో ఎర్తింగ్ ఉన్న చోట, వాద్యాల మధ్య రొద పుట్టకుండా కాపాడేది ఇదే.

ఇక వేదిక మీద దీన్ని ఎలా అమర్చాలి? ఒక కీబోర్డు ప్లేయర్, ఒక ప్యాడ్ ఆర్టిస్ట్ ఉన్నారు, వాళ్ల దగ్గర ఒక సౌండ్ మాడ్యూల్ ఉందనుకుందాం. మాడ్యూల్ అంటే మీటలు లేని సింథసైజర్. ధ్వనులన్నీ దాని లోపల ఉంటాయి. కంట్రోలర్ 'అవుట్' నుంచి మాడ్యూల్ 'ఇన్'లోకి వైరు. ఇంకో మాడ్యూల్ ఉంటే మొదటిదాని 'త్రూ' నుంచి రెండోదాని 'ఇన్'లోకి. 'అవుట్'ను 'అవుట్'కు కలిపి, ఏమీ మోగట్లేదని పెట్టెను తిట్టుకోవడం కొత్తవాళ్లందరికీ జరిగేదే. కంట్రోలర్, ప్యాడ్ రెండూ ఒకే మాడ్యూల్‌ను వాయించాలంటే మధ్యలో మిడి మెర్జ్ అనే చిన్న పెట్టె కావాలి. రెండు వైర్లను ఊరికే మెలిపెట్టి అతికిస్తే కబుర్లు కలగాపులగమవుతాయి.

తర్వాత ఛానళ్లు. ఒకే వైరులో 16 ఛానళ్లు నడుస్తాయి. బడిలో హాజరు పిలిచినట్టు, కబురు అందరికీ వినపడుతుంది, తన నంబరు పిలిచినప్పుడే ఆ వాద్యం పలుకుతుంది. కీబోర్డు ఒకటో ఛానల్‌లో, ప్యాడ్ పదో ఛానల్‌లో ఉంచడం వాడుక. 1991లో వచ్చిన జనరల్ మిడి ఒప్పందం పదో ఛానల్‌ను డ్రమ్ములకు కేటాయించింది. అందులో 36వ నంబరు బాస్ డ్రమ్ము, 38 స్నేర్. కంట్రోలర్‌గా వాడే కీబోర్డుకు సొంత ధ్వనులు కూడా ఉంటే దాని 'లోకల్ కంట్రోల్'ను ఆపేయాలి. లేకపోతే లోపలి ధ్వని, బయటి ధ్వని కలిసి మోగుతాయి. పాట మధ్యలో ఎవరి కాలో తగిలి వైరు ఊడితే 'ఆగింది' అన్న కబురు అందక స్వరం అలాగే సాగుతూ ఉండిపోతుంది. అలాంటప్పటి కోసం చాలా పెట్టెల్లో 'ప్యానిక్' మీట ఉంటుంది. అది ఎక్కడుందో పాట మొదలవకముందే చూసి పెట్టుకోవాలి.

ప్యాడ్ ఆర్టిస్టులు తప్పకుండా చేసి చూడాల్సిన ప్రయోగం ఒకటుంది. ప్యాడ్‌లో ఏ పలక ఏ స్వర సంఖ్యను పంపాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ఒకటో శృతిలో మోహన రాగాన్ని తీసుకుందాం. మొదటి పలకకు 60 అంటే షడ్జం, రెండోదానికి 62 చతుశ్రుతి రిషభం, తర్వాత 64 అంతర గాంధారం, 67 పంచమం, 69 చతుశ్రుతి ధైవతం, 72 పై షడ్జం. మిగిలిన రెండు పలకలకు 74, 76, అంటే తారస్థాయి రిషభ, గాంధారాలు. ప్యాడ్ అవుట్‌ను సింథసైజర్‌కు కలిపి వేణువు టోనో, జలతరంగం లాంటి టోనో పెట్టుకుంటే ఎనిమిది పలకల మీద మోహనం పలుకుతుంది. ఒకటిన్నర శృతికి మారాలంటే అన్ని సంఖ్యలకూ ఒకటి కలిపితే సరి, లేదా సింథసైజర్‌లో ట్రాన్స్‌పోజ్ నొక్కితే సరి. దరువు వేయడానికి అలవాటుపడిన చేతి నుంచి వచ్చే స్వరానికి వేరే ఊపు ఉంటుంది. కీబోర్డు ప్లేయర్ ఆ ఊపును తేలేడు.

ఇదంతా విన్నాక ఒక కుర్రవాడు తన కంట్రోలర్‌ను వెనక్కి తిప్పి చూస్తే గుండ్రటి సాకెట్ కనిపించకపోవచ్చు. అకాయ్ ఎంపీకే మినీ మూడో తరం మోడల్ లాంటి బాగా అమ్ముడయ్యే చిన్న కంట్రోలర్లలో యూఎస్‌బీ తప్ప వేరే మిడి దారి లేదు. యూఎస్‌బీలో ఒకటి ఆతిథ్యమిచ్చే యంత్రం, రెండోది అతిథి. కంట్రోలరూ అతిథే, సింథసైజర్ వెనకుండే చదరపు యూఎస్‌బీ సాకెట్టూ అతిథే. ఇద్దరు అతిథులను వైరుతో కలిపితే ఎవరూ నోరు విప్పరు. దీనికి మందు 'యూఎస్‌బీ హోస్ట్' పెట్టె. కెంటన్ లాంటి కంపెనీలు చేసే ఈ చిన్న డబ్బా ఒకవైపు కంట్రోలర్‌కు కరెంటు ఇచ్చి, దాని మాట విని, రెండోవైపు ఐదు పిన్నుల సాకెట్ గుండా ఆ మాటను పంపుతుంది. కంట్రోలర్ 'క్లాస్ కంప్లయంట్' అయి ఉండాలి, అంటే ప్రత్యేకమైన డ్రైవర్ అడగకూడదు. కోర్గ్ క్రోనోస్, అకాయ్ ఎంపీసీ వన్ లాంటి పెద్ద వాద్యాల్లో హోస్ట్ సౌకర్యం లోపలే ఉంది.

కొత్తగా కొనేవాళ్లు ఈ డబ్బా అవసరం రాకుండానే చూసుకోవచ్చు. ఆర్టూరియా కీస్టెప్‌కు 32 మీటలే, కానీ ఐదు పిన్నుల ఇన్, అవుట్ రెండూ ఉన్నాయి. స్వరాల వరుసను గుర్తుంచుకుని తిరిగి వాయించే సీక్వెన్సర్ కూడా లోపల ఉంది. చోటు ఆదా చేయడానికి కొన్ని కంపెనీలు గుండ్రటి సాకెట్ బదులు హెడ్‌ఫోన్ల జాక్ లాంటి 3.5 మిల్లీమీటర్ల సాకెట్ పెడుతున్నాయి. వాటిలో టైప్ ఏ, టైప్ బీ అని రెండు రకాల వైరింగ్ ఉంది. 2018లో టైప్ ఏను ప్రమాణంగా నిర్ణయించారు గానీ, పాత పెట్టెల్లో రెండోదీ కనిపిస్తుంది. జాక్ సరిగ్గా కూర్చున్నా ధ్వని రాకపోతే మొదట అనుమానించాల్సింది దాన్నే.

యంత్రాలను ఒకదానికొకటి కలిపి, కంప్యూటర్ లేకుండా మన రాగాలు పలికించిన మనిషి మన దేశంలోనే ఉండేవాడు. ముంబయి సినీ ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అనే రికార్డు చేశాడు. అప్పటికి మిడి పుట్టలేదు. ఆయన చేతిలో ఉన్నవి రోలాండ్ జూపిటర్-8 కీబోర్డు, టీబీ-303 బాస్ యంత్రం, టీఆర్-808 దరువు యంత్రం. ఆ రెండు చిన్న యంత్రాల మీద 'సింక్' సాకెట్లు ఉండేవి. ఒకటి పంపే గడియారపు తట్లకు రెండోది అడుగులు వేసేది. ఆ దరువు మీద ఆయన యమన్, భూపాలీ, మాల్కౌన్స్, అంటే మన కల్యాణి, మోహన, హిందోళాల స్వరాలున్న రాగాలను చేత్తో వాయించాడు. రికార్డును అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో అది మళ్లీ విడుదలయ్యాక, షికాగోలో యాసిడ్ హౌస్ సంగీతం పుట్టడానికి ఏళ్ల ముందే ముంబయిలో ఇలాంటిది వినిపించిందా అని ప్రపంచం నివ్వెరపోయింది. చరణ్‌జిత్ సింగ్ 2015లో కన్నుమూశాడు.

ఆ సింక్ సాకెట్ కూడా ఐదు పిన్నులదే, పైకి మిడి లాగే ఉంటుంది. కానీ భాష వేరు. ఒకటి రెండోదానికి అర్థం కాదు. ఒక్క పోలిక మాత్రం మిడికీ దక్కింది: ప్రతి దరువు లెక్కకూ 24 తట్లు. ఇవాళ మిడి క్లాక్ నడిచేదీ అదే లెక్క మీద. ప్యాడ్, సీక్వెన్సర్, సింథసైజర్ కలిపి వాడేటప్పుడు ఒక్కరే గడియారం పట్టాలి, మిగతావాళ్లు దాన్ని అనుసరించాలి. ఆర్కెస్ట్రాలో తాళం ఒకరి చేతిలో ఉండటం ఎంత అవసరమో ఇదీ అంతే.

మన సంగీతానికి మీటల వాద్యం పనికిరాదన్న వాదన పాతది. గమకం పలకదన్న కారణంతో 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని ప్రసారాలకు దూరం పెట్టింది. అదే కాలంలో పద్యనాటకాల వేదికల మీద హార్మోనియం లేనిదే రాగం లేవలేదు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. రెండు మీటల మధ్య ఉన్న స్వరాన్ని హార్మోనియం పట్టుకోలేదు. ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పట్టుకోగలదు. స్వరాన్ని వంచే బెండర్ చక్రం పంపే కబురులో 16,384 మెట్లున్నాయి. చెన్నైకి చెందిన కీబోర్డ్ సత్యనారాయణన్ కచేరీల్లో ఒక చేత్తో మీటలు, ఇంకో చేత్తో బెండర్ నడుపుతూ కర్ణాటక కీర్తనలు వాయించి చూపించాడు. పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ మీద గమకాలు పలికించినప్పుడూ తొలుత సందేహించినవాళ్లు ఉన్నారు. 'రోజా'కు ముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రెహమాన్, 2009 నాటి 'ఢిల్లీ-6'లో కంటిన్యుయం అనే కంట్రోలర్ వాడాడు. దానికి మీటలు లేవు. మెత్తటి పట్టీ మీద వేలు జార్చితే స్వరం జారుతుంది.

బెండర్‌తో గమకం సాధించాలంటే సింథసైజర్‌లో బెండ్ పరిధిని ముందే సరిచూసుకోవాలి. సాధారణంగా అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలు ఉంటుంది. తోడి గాంధారం ఊపడానికి అది చాలు. పెద్ద జారుకు పెంచుకోవాలి. ఇంకో మాట. బెండర్ ఆ ఛానల్‌లో మోగే స్వరాలన్నిటినీ కలిపి వంచుతుంది. కార్డు, అంటే కొన్ని స్వరాలను కలిపి, పట్టుకుని బెండర్ తిప్పితే అన్నీ వంగిపోతాయి. రాగం ఒక ఛానల్‌లో, కార్డులు ఇంకో ఛానల్‌లో పెట్టుకుంటే ఆ చిక్కు రాదు.

ఈ విద్య చెవితో, చేత్తో వచ్చేది కనుక సాధన కావాలి. సంతోష్‌నగర్ ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లను 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అనుమతించవు. నిబంధన లేకపోయినా పక్కింట్లో పసిపిల్లలుంటారు. కంట్రోలర్, మాడ్యూల్, హెడ్‌ఫోన్లు ఉంటే నడిరాత్రి కూడా సాధన చేయవచ్చు. కోర్గ్ వోల్కా లాంటి చిన్న సింథసైజర్లు ఆరు పెన్సిల్ బ్యాటరీల మీద నడుస్తాయి, కరెంటు పోయినా ఆగవు. వాటిలో చాలావాటికి ఐదు పిన్నుల మిడి ఇన్ కూడా ఉంది.

పాట రాసుకోవడానికి, రికార్డింగుకు, సినిమా పనికి కంప్యూటర్‌ను మించింది లేదు. దాన్ని అక్కడ సంతోషంగా వాడుకోవాలి. చేతులతో నేరుగా వాయించే చోట మాత్రం దాని అవసరం లేదు. ఆర్కెస్ట్రాల్లో ఏళ్ల తరబడి వాయించిన పెద్దలకు ఒక విన్నపం. అల్మారా మీద దుమ్ముపట్టిన పాత మాడ్యూల్, పక్కన పెట్టేసిన పాత కీబోర్డు మీ ఇంట్లో ఉంటే తుక్కుకు వేయకండి. వెనక మిడి ఇన్ పనిచేస్తుంటే చాలు, అది ఇంకా వాద్యమే. మీ వీధిలో కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు ఇవ్వండి, ఛానల్ పెట్టడం ఒకసారి దగ్గర కూర్చుని చూపించండి.